నాన్న తెచ్చిన టీసీ

మొన్న శుక్రవారం మనామాలో, మహూజ్ పేటలోని మా బిల్డింగులో కింది అంతస్తు అమ్మాయి లిఫ్టు ముందు నిలబడి, లిఫ్టు వచ్చి వెళ్ళిపోయినా ఫోన్లోంచి తల ఎత్తకపోతే, ఏమిటమ్మా సంగతి అని అడిగాను. ఇప్పుడు చదువుతున్న కాలేజీ నుంచి ఒక పెద్ద యూనివర్సిటీకి మారడానికి దరఖాస్తు పెట్టుకుందట, ఈ వారంలో ఏదో ఒకటి తేలుతుందట, గంటకోసారి చూసుకోకపోతే ఊపిరాడటం లేదట. వస్తుందిలేమ్మా అని నాలుగు మాటలు చెప్పి ఇంట్లోకి వచ్చానే గానీ, బెండకాయలు ముందేసుకుని ఒక్కటీ తరగకుండా చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నా వయసు వాళ్ళకు చెబితే అర్థమవుతుంది, కొన్ని సంగతులు పాతికేళ్ళు దాటినా ఇంకా పచ్చిగానే ఉంటాయి.

మాది గోదావరి జిల్లా. నాన్న ఈ అరబ్బు దేశానికి వచ్చి సల్మానియాలో ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేవాడు, అమ్మ అరాద్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. నాన్న కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడు కాబట్టి, నా ఇంటరు అయిపోయాక అమ్మమ్మ దగ్గర్నుంచి నన్ను కూడా తెచ్చుకోగలిగారు. ఆసుపత్రి వెనక సందులో ఒకే గది, గదిలోనే వంట, ఎండాకాలం ఏసీ గొడవకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. మనామాలో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో చేరాను. ఆ కాలేజీ డిగ్రీకి బయట పెద్దగా విలువ లేదని చేరిన రెండో నెలకే తెలిసిపోయింది. ఏడాది పూర్తికాగానే పెద్ద యూనివర్సిటీలో రెండో సంవత్సరానికి మారవచ్చని, మాలాంటి పరాయి దేశపు పిల్లలకు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని సీట్లే ఉంటాయని విని, పట్టుబట్టి దరఖాస్తు పెట్టాను. మార్కులు సరిపోతాయా అని నాన్న అడిగితే, సరిపోతాయి అన్నాను.

దరఖాస్తు పంపిన పది రోజులకు నాన్న డ్యూటీ దిగి, నాకు చెప్పకుండా మా కాలేజీకి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో మన తరానికి విడమరిచి చెప్పనక్కర్లేదు. మన దగ్గర ఒక చోట నుంచి ఇంకో చోటికి మారాలంటే ముందు టీసీ తీసుకోవాలి, అది చేతిలో లేకపోతే ఎంత తెలివైన పిల్లనైనా గేటు దాటనిచ్చేవారు కాదు. మా మేనత్త కొడుకు పాలిటెక్నిక్ సీటు, హెడ్మాస్టరు ఊళ్ళో లేక టీసీ రెండు రోజులు ఆలస్యమైనందుకు, ఇంకెవరికో వెళ్ళిపోయింది. ఆ రోజు మేనత్త ఏడ్చిన ఏడుపు నాన్న ఎన్నడూ మరిచిపోలేదు. తన కూతురి విషయంలో అలాంటి పొరపాటు జరగకూడదని, వచ్చీరాని హిందీలో కాలేజీ గుమస్తాను టీసీ ఇమ్మని అడిగాడు. ఆ గుమస్తా మలయాళీ. ఇక్కడ టీసీ అంటూ ఏమీ ఉండదని, అలాంటి కాగితం కావాలంటే పేరు కొట్టేయించుకోవాల్సిందేనని, ఇంటికెళ్ళి అమ్మాయిని అడిగి రమ్మని రెండుసార్లు చెప్పాడట. ఫీజు పోతుందని అడ్డం పడుతున్నాడు అనుకుని, నాన్న మరింత గట్టిగా పట్టుబట్టి, తండ్రిగా సంతకం చేసి, సీలు కూడా వేయించుకుని మరీ తెచ్చాడు.

ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఆ కాగితాన్ని ముందు దేవుడి పటం దగ్గర పెట్టి, మూలన కాస్త కుంకుమ అద్ది, అప్పుడు నా చేతికిచ్చాడు.

“ఇదిగో అమ్మలూ, టీసీ. రేపు ఆళ్ళడిగితే మనం తడుముకోనక్కర్లేదు.”

విద్యార్థిని తన ఇష్టప్రకారం కాలేజీ విడిచిపెట్టింది అని ఉంది అందులో. అక్కడ సీటు వస్తుందో రాదో తెలియదు, ఇక్కడ ఉన్న సీటు పోయింది. మర్నాడు పరుగెత్తుకుంటూ వెళితే, ఈ టర్ముకు పేర్లు రాసుకోవడం అయిపోయిందన్నారు. పైగా చదువుతున్నట్టు కాలేజీ కాగితం లేకపోతే నా వీసా రెన్యువల్ కాదని నాన్న ఆఫీసులో చెప్పారు. మరి నాలుగు నెలల్లో వీసా అయిపోతుంది. యూనివర్సిటీ నుంచి పిలుపు రాకపోతే పెట్టె సర్దుకుని, చదువు సగంలో వదిలేసి అమ్మమ్మ ఇంటికి పోవడమే.

ఆ సాయంత్రం నేను నాన్నను అన్న మాటలు ఇక్కడ అన్నీ రాయలేను. చదువురాని మనిషివి చదువు సంగతుల్లో ఎందుకు వేలు పెట్టావని అడిగాను. అమ్మ నా నోరు మూయబోతే ఆమె చేతిని తోసేశాను.

“నా బతుకు నాశనం చేశావు నాన్నా.”

నాన్న ఆసుపత్రి దుప్పట్లు పిండి పిండి పాచిపోయిన ఆ వేళ్ళతో ప్లాస్టిక్ కవరును మడతపెడుతూ కూర్చున్నాడు.

ఆ తరవాత రెండు నెలలు ఎలా గడిచాయో చెప్పమంటే, గడవలేదనే చెబుతాను. మా ఉత్తరాలన్నీ ఆసుపత్రి పోస్టు బాక్సుకే వచ్చేవి. నాన్న రోజూ భోజనాల వేళకు వెళ్ళి అడిగేవాడు, ఇంటికొచ్చి గుమ్మంలోనే తల అడ్డంగా ఊపేవాడు. నేను నాన్నతో మాట్లాడటం మానేశాను, అన్నం పెట్టి పక్కకు వెళ్ళిపోయేదాన్ని, నాన్న ఇంకో ముద్దకు కూర కావాలని కూడా అడగకుండా తిని లేచేవాడు. అమ్మ మంగళవారాలు ఉపవాసం పట్టింది. ఒక్కోరోజు నేను బస్సెక్కి పాత కాలేజీ దాకా వెళ్ళి, రోడ్డుకు ఇవతల నిలబడి, నాతో చదివిన పిల్లలు లోపలికి వెళ్ళడం చూసి వెనక్కి వచ్చేసేదాన్ని. దేవుడితో బేరాలు కూడా ఆడాను, ఈ ఒక్కటి ఇప్పిస్తే జీవితంలో ఇంకేమీ అడగనని. నా గురించి నాకు తెలిసిన ఒక సంగతిని మాత్రం ఆ బేరాల్లో ఎక్కడా ఎత్తేదాన్ని కాదు.

ఉత్తరం ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. నాన్న దాన్ని విప్పకుండా రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. అమ్మ పొయ్యి మీది చేపల పులుసు దించేసి వచ్చి నిలబడింది. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. చదివి చెప్పమ్మా అన్నాడు నాన్న, రెండు నెలల్లో నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

మూడే వాక్యాలున్నాయి. లెక్కల్లో నా మొదటి ఏడాది మార్కులు వాళ్ళు పెట్టుకున్న హద్దుకు తక్కువయ్యాయి కాబట్టి నా దరఖాస్తును తీసుకోలేకపోతున్నామని రాశారు. కాలేజీ విడిచిపెట్టిన ఊసు అందులో లేదు. నాన్న తెచ్చిన కాగితం సంగతి వాళ్ళ దాకా పోనే లేదు. లెక్కల్లో నేను గట్టెక్కడమే కష్టమైందని, హద్దు ఎంతో తెలిసి కూడా మిగతావాటిలో మార్కులు చూసి వదిలేస్తారులే అన్న ఆశతో దరఖాస్తు పెట్టానని నాకొక్కదానికే తెలుసు.

రాలేదు అన్నాను. అమ్మ నేల మీద కూలబడింది. నాన్న నా మొహంలోకే చూస్తున్నాడు.

“టీసీ వల్లేనా, అమ్మలూ?”

రెండు నెలలు ఆ మనిషిని దోషిని చేసి అన్నం పెట్టాను. ఇప్పుడేమో, కాదు నాన్నా, తప్పు నాదే అనడానికి నోరు రాలేదు. అవునని తల ఊపాను. ఆ ఉత్తరాన్ని చింపి చేప పొలుసులతో పాటు చెత్తలో పడేశాను.

మర్నాటి నుంచి నాన్న డ్యూటీ దిగగానే పాత కాలేజీకి వెళ్ళి, ప్రిన్సిపాలు గది బయట నిలబడటం మొదలుపెట్టాడు. ఎన్ని రోజులు నిలబడ్డాడో నాకు చెప్పలేదు. ఏం మాట్లాడాడో, ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో కూడా చెప్పలేదు. తరవాతి టర్ములో నన్ను మళ్ళీ చేర్చుకున్నారు, వీసా గండం గడిచింది. ఆ విలువలేదనుకున్న డిగ్రీతోనే ఒక సరుకుల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, దానితోనే ఇన్నేళ్ళూ గౌరవంగా బతికాను.

నాన్న మాత్రం ఆ తరవాత ఏ కాగితం మీదా తనంతట తాను సంతకం పెట్టలేదు. కరెంటు బిల్లు వచ్చినా నువ్వే చూడమ్మా, నాకు తెలీదు అనేవాడు. మన వాళ్ళు నలుగురు కలిస్తే చాలు, పిల్లలున్న ప్రతివాడినీ పట్టుకుని, సీటు రాకుండా టీసీ తియ్యకండి, నా కూతురి భవిష్యత్తు నేనే చెడగొట్టాను అని చెప్పేవాడు. నేను ఆ పక్కనే కూర్చుని పకోడీలు అందిస్తూ వినేదాన్ని.

ఇప్పుడు ఎవరి జవాబు వాళ్ళ ఫోనుకే వస్తుంది, చదువురాని తండ్రి చూపినా ఆ ఫోనే వాళ్ళ భాషలో చదివి వినిపిస్తుంది. మంచి కాలమే వచ్చింది. ఆ రోజుల్లో ఇంగ్లీషు వచ్చిన బిడ్డ ఏం చదివితే అదే ఉత్తరం. తల్లిదండ్రులు మమ్మల్ని అంతగా నమ్మేవారు, ఆ నమ్మకం ఇప్పటి పిల్లలకు అక్కర్లేదు, ఆ భారమూ లేదు.

నాన్న పోయి ఆరేళ్ళయింది. పోయేదాకా ఏడాదికి రెండు మూడుసార్లైనా ఆ సంగతి ఎత్తి, నన్ను క్షమించావా అమ్మలూ అని అడుగుతూనే ఉన్నాడు. అడిగిన ప్రతిసారీ నేను పోనీలే నాన్నా, ఎప్పుడో క్షమించాను అన్నాను. నా కూతురిది ఎంత పెద్ద మనసో అని అమ్మతో చెప్పుకుని మురిసిపోయేవాడు.