టీచరమ్మకు దక్కని టికెట్

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాణ్ణి. సాయంత్రం క్లాసులు అయ్యాక పార్టీ పని. మా వార్డు కమిటీలో మేం ఐదుగురం. కార్పొరేటర్ ఎన్నికలు వచ్చినప్పుడు మా ముందు రెండు పేర్లు నిలిచాయి.

ఒకరు సరూర్‌నగర్‌లో ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పే టీచరమ్మ. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం పెట్టిన మొదటి రోజు నుంచీ ఆమె అక్కడే ఉంది. పోలీసులు రెండుసార్లు వ్యాన్ ఎక్కించారు. రెండోసారి స్కూలు వాళ్ళు ఉద్యోగం తీసేశారు. రెండో మనిషి అల్మాస్‌గూడలో ప్లాట్లు అమ్మే ఆసామి. పార్టీలో చేరి నెల కూడా కాలేదు.

కమిటీ పెద్ద ఒక వకీలు. ఆంధ్రా నుంచి వచ్చిన సెటిలర్ల కాలనీలు ఎక్కువున్న చోట ఉద్యమం మనిషిని నిలబెడితే వాళ్ళ ఓట్లు ఒక్కటీ రావని ఆయన గంటసేపు చెప్పాడు. "గెలిచెటోనికే టికెట్ ఇయ్యాలె. ఓడిపోయి ఏం జేస్తం, చౌరస్తల కూసుంటమా?" అన్నాడు. మిగతా నలుగురూ చెరోవైపు ఇద్దరయ్యారు. నా చెయ్యి మిగిలింది. మనసు టీచరమ్మ వైపు లాగుతున్నా ఓటమి భయం గెలిచింది. ప్లాట్లాయనకే చెయ్యెత్తాను.

మీటింగ్ అయ్యి దిగేసరికి టీచరమ్మ కింద మెట్ల దగ్గర నిలబడి ఉంది. దాచలేక నేనే చెప్పేశాను.

"నేను గెల్వనని నీకెట్ల తెల్సు, తమ్మీ?" అంది.

"అందరూ అంటున్నరు గదక్కా."

ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. అయినా మర్నాటి నుంచి ప్రచారానికి వచ్చింది. కరపత్రాలు పట్టుకుని మాకంటే ఎక్కువ గడపలే ఎక్కింది. ఆమె పక్కన నడవడానికి నాకే మొహం చెల్లలేదు.

ఓడిపోయాం. చిన్న తేడాతో కూడా కాదు.

ఫలితం వచ్చిన మర్నాడు మా కింది పోర్షన్‌లో ఉండే గుంటూరు ఆవిడ బట్టలు ఆరేస్తూ పలకరించింది. ఎవరికి వేశారని ఊరికే అడిగాను.

"మా ఇంట్లో నాలుగు ఓట్లూ టీచర్ గారికే అనుకున్నామండీ. రాష్ట్రం సంగతిలో ఆవిడ మాటలు మాకు నచ్చవు, వాదించుకునేవాళ్ళం కూడా. కానీ మా అమ్మాయికి కామెర్లు వస్తే నెల రోజులు ఇంటికొచ్చి పాఠాలు చెప్పారు. మీరు నిలబెట్టినాయనేమో ప్లాటు రిజిస్ట్రేషన్‌కని మా అన్నయ్యని రెండేళ్ళు తిప్పాడు. ఆయనకెలా వేస్తాం?"

ఆవిడతో రోజూ నీళ్ళ ట్యాంకర్ గురించీ కరెంటు గురించీ మాట్లాడతాను. ఈ ఒక్క మాట అడగాలని తోచలేదు. ఆంధ్రావాళ్ళు ఎలా ఓటేస్తారో మేం ఐదుగురం తలుపులు మూసుకుని తేల్చేశాం. నామీద నాకే కోపం వచ్చింది.

ఆ వారమే కమిటీ కూర్చుంది. కింది పోర్షన్ ఆవిడ చెప్పినదంతా వినిపించాను. వకీలు ఓపిగ్గా విని, ఒక ఇంటి సంగతి పట్టుకుని వార్డు లెక్క వేయకూడదన్నాడు. "వచ్చేసారి ఇంకింత పెద్ద మనిషిని చూడాలె. నాదర్‌గుల్ దిక్కు వెంచర్లు జేసేటాయన ఒకాయన ఉన్నడు" అన్నాడు. మిగతా ముగ్గురూ తలలూపారు. పోయినసారి టీచరమ్మకు చెయ్యెత్తిన ఇద్దరూ అందులో ఉన్నారు.