పడుగు సందులో కాలవ

1959 వేసవిలో నన్ను బందరులో పట్టణ పనుల ఓవర్సీరుగా వేశారు. ఓవర్సీరు ఇంజనీరు కింద ఉద్యోగి. కొలతలు తీయాలి, ఎస్టిమేటు రాయాలి, దగ్గరుండి పని చేయించాలి. మాది నందివాడ దగ్గర పల్లె. డిప్లొమా చేతికొచ్చి ఏడాది కాలేదు గానీ గర్వానికి మాత్రం లోటు లేదు.

మొదటి పని నేతవాళ్ల పేటలో ఒక పాత సందు. రెండు వరుసల ఇళ్ల వెనక గోడల మధ్య, ఎనిమిది అడుగుల వెడల్పున, తిన్నగా ఉండేది. కూలిన గోడల మట్టీ తుమ్మకంపా నిండిపోయి ఏళ్ల తరబడి అటు ఎవరూ వెళ్లలేదు. నేతవాళ్లు పడుగును, అంటే మగ్గం మీది నిలువు దారాలను, పెద్ద రోడ్డు మీదే సాచి గంజి పట్టించేవారు. బస్సులు ఎక్కువవడంతో, వానలు వెళ్లాక ఇక రోడ్డు మీద ఆ పని కూడదని ఉత్తర్వు వచ్చింది. సందు అక్కరకు రాకపోతే మగ్గాలు ఆగిపోవడమే.

మట్టి ఎత్తించాను. అన్ని సందులకూ వాడే టైపు డిజైను ప్రకారం రెండు గోడల వెంటా మురుగు కాలవలకు ముగ్గు పోయించాను. నాంచారమ్మ గారనే పెద్దావిడ, మగ్గాల ఇంటి మనిషి, వచ్చి ఆ ముగ్గు మీదే నిలబడ్డారు.

"ఇక్కడ కాలవ తవ్వితే మేం కాళ్లెక్కడ పెట్టుకోవాలి బాబూ? మధ్యలో తియ్యండి. కారిన గంజి అందులో పడిపోద్ది" అన్నారు.

నాకు చిన్నతనమనిపించింది, కోపమూ వచ్చింది. నా చదువుకు ఈవిడ దిద్దుబాటా అనుకున్నాను. అయినా మర్నాడు పొద్దున్నే రోడ్డు మీద పడుగు పని చూడబోయాను. దారాలు నడుమెత్తున మధ్యలో సాగి ఉన్నాయి. మనుషులు రెండు పక్కలా నడుస్తూ కుంచెలతో దువ్వుతున్నారు. నవ్వుతూ నాకూ ఒక కుంచె ఇచ్చారు. చూపు దారం మీద పెట్టి నాలుగడుగులు వేశానో లేదో తూలిపడబోయాను. చదును నేల మీదే ఇలా ఉంటే, నా కాలవల్లో వీళ్లు రోజూ పడాల్సిందే.

డిజైను మార్చే అధికారం నాకు లేదు. ఎస్టిమేటు తిరగరాసి ఇంజనీరు గారికిచ్చి, ఈ సలహా నాంచారమ్మ గారిదని చెప్పాను. ఆయన సందుకు వచ్చి, ఆవిడతో మాట్లాడి, అక్కడే సంతకం చేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఇద్దరికీ నేను ఈనాటికీ కృతజ్ఞుణ్ణి.

వానలు వెనకబట్టాక ఆ సందులో మొదటి పడుగు సాచారు. మగ్గాలు ఆగలేదు. నా సర్వీసులో అంత సంతోషపడిన రోజులు తక్కువ.

నీళ్లు ఎటు పోవాలో టైపు డిజైను చెబుతుంది. మనుషులు ఎటు నడుస్తారో వాళ్లనే అడగాలి. నేను అడగలేదు, ఆవిడే వచ్చి చెప్పారు.