రెండో డ్రైవరు వద్దన్న వాగు

బేస్తవారం, పొద్దున ఏడుంబావు. ఉదయగిరి నించి ఆత్మకూరు పోయే మా బస్సు వాగు ముందర నిలబడి ఉండాది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరేడేళ్లు. స్టీరింగు నాది. పక్క సీట్లో రెండో డ్రైవరు పని నేర్చుకుంటున్న వింజమూరు మనిషి, ఇరవై మూడేళ్లవాడు.

కొత్తవాళ్లను తయారుచేసే పని ఓనరు నాకు అప్పజెప్పినాడు. ఆరు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని, పనికొస్తాడని నేను చెప్తేనే వాళ్లకు ఇంకో బస్సులో రెండో డ్రైవరు ఉద్యోగం. ఇతనికి పది నెలలైంది. మూడో నెలకే పని వచ్చేసింది. నేనే చెప్పలేదు. ఇంకా చెయ్యి తిరగలేదని ఓనరుకు అబద్ధం చెప్తా వచ్చినాను. పెండ్లాం పోయినాక నాతో మాట్లాడే మనిషి ఇతనొక్కడే. ఉదయగిరిలో బస్సు ఆగినప్పుడు బానెట్టు మీది దుమ్ములో వేలితో రాసి నాకు అక్షరాలు నేర్పించింది కూడా ఇతనే. పంపించేస్తే మళ్లీ రోజంతా ఇంజను మోత వినుకుంటా కూర్చోవాల.

రాత్రి కురిసిన వానకు వాగు ఎర్రగా పారతా ఉండాది. గేరు వేసినాను.

"వద్దు మామా. దిగి చూసొస్తా."

"ఇరవై ఏళ్లుగా దాటతా ఉండా. నాకు చెప్తావంట్రా?"

"చెప్తా. ఇంకా చెయ్యి తిరగలేదని రేపు ఓనరుకు చెప్పుకో."

వెనక కండక్టరు నవ్వినాడు. "నీకు ఇంకో ఏడాది ఖాయంలే అబ్బయా. మామకు తోడు గావాల గదా."

అందరికీ తెలుసన్న మాట. 

పక్క సీట్లోని వింజమూరు మనిషి హ్యాండు బ్రేకు లాగి, పంచె ఎగ్గట్టి, కర్ర పట్టుకుని నీళ్లలోకి దిగినాడు. పది అడుగులు పోయి ముందుకు పొడిచి చూస్తే కర్రకు నేల తగల్లేదు. కింద రోడ్డు కోసుకుపోయి ఉండాది. వెనక్కొచ్చి, కాళ్లు తుడుచుకుని కూర్చున్నాడు.

పెద్ద డ్రైవరు తప్పు చేస్తా ఉంటే ఆపాలని నేను ఎవరికీ నేర్పించలేదు. నోరు మూసుకుని చూడమనే నేర్పించినాను.

నీళ్లు తగ్గినాక అందరం రాళ్లు మోసి గుంత పూడ్చి, సాయంత్రానికి ఆత్మకూరు చేరినాం. షెడ్డులో ఓనరుతో చెప్పినాను: "ఇతను మూడో నెలకే పనికొచ్చినాడు. నేనే దాచినా."

"ఎందుకయ్యా?" అన్నాడు ఓనరు.

నేను గుడ్డ తీసుకుని బానెట్టు మీది బురద తుడవబోయినాను. అతనూ ఇంకో గుడ్డ తీసుకుని పక్కకొచ్చినాడు.

శనివారం నించి అతను కావలి బస్సుకు పోయినాడు. నా పక్క సీట్లో కండక్టరు టిక్కెట్ల సంచి పెట్టుకున్నాడు.

అతను ఆపకుంటే ఆ బేస్తవారం వాగు పాలయ్యుండేది నేను, అతను, కండక్టరు, చింతపండు బుట్టలతో ఇద్దరు ఆడవాళ్లు, జలదంకికి బదిలీ అయిన మిషను బడి పంతులు.