అండాలు హస్తవాసి

"నొప్పి ఏడున్నదో చెప్పకు తమ్మీ, నీ మెడ వంకర చూస్తెనే తెలుస్తున్నది. ఎప్పుడుంటదో చెప్పు."

ఎప్పుడూ ఉంటుందన్నాను.

"ఎప్పుడూ అంటె కుదరదు. పొద్దుగాల లేవంగనే పట్టేసి, పనిల పడ్డంక సదురుకుంటదా? లేకుంటె పొద్దంత మంచిగుండి, పొద్దుమీకినంక గుంజుతదా?"

"సాయంత్రమే అక్కా. పొద్దున లేచేటప్పటికి బాగానే ఉంటుంది."

అప్పుడు గానీ అండాలు చెయ్యి ఆకుల గంప మీదికి పోలేదు. రెండు కట్టలు తీసి నా ఒళ్లో పెట్టింది. "వావిలాకు. గుప్పెడాకు పెంక మీదేసి, జరంత ఆముదం పోసి, వాడేదాక వేంచు. గుడ్డల మూట కట్టి కాపడం పెట్టుకో. ముందుగాల నీ చేతి మీద పెట్టి ఎంత వేడున్నదో చూసుకో, మెడ కాల్చుకొని నా మీదికి రాకు. ఎన్ని మెత్తలేసుకొని పంటవు?"

"రెండు."

"ఒకటి తీసెయ్, సగం నొప్పి దాంతోనే పోతది."

మెత్తలంటే ఆమె లెక్కలో దిండ్లు. పది రోజుల్లో నా మెడ తిరిగింది. తిప్పింది ఆకో, వేడో, ఆమె తీయించిన రెండో దిండో నాకు ఇప్పటికీ తెలియదు. కృతజ్ఞత మాత్రం మొత్తం ఆమె ఖాతాలోనే వేశాను. ఆ మాట చెప్పడానికి వెళ్లినవాణ్ని అక్కడే కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో అండాలు దాని గేటు పక్కన ఆకులు అమ్మేది. బత్తాయి బస్తాలు మోసి భుజాలు వాచిన హమాలీలు ఆమె దగ్గరికి వచ్చేవారు. మార్కెట్ తరలిపోయింది, హమాలీలూ పోయారు. ఆమె మాత్రం మెయిన్ రోడ్డు మీదికొచ్చి మెట్రో స్తంభం నీడ పట్టుకుంది. ఇప్పుడు చీరల దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడే ఆడపిల్లలు, కోచింగ్ సెంటర్లలో పుస్తకాల మీద వంగిపోయినవాళ్లు వస్తున్నారు. "బస్తాలు పోయినయి గని నొప్పులు యాడికి పోతయి?" అంటుంది.

పక్కనే ఆమె ఆడబిడ్డ కిష్టమ్మ కూర్చుని కట్టలు కడుతుంది. ఆమె వేళ్లన్నీ చిటికెన వేలి వైపుకు ఒరిగిపోయి ఉంటాయి. ముడి పడదు, పళ్లతో లాగుతుంది. నేను చూడనట్టు చూడడం ఆమె కనిపెట్టేసింది.

"మంచిగ చూడు తమ్మీ. మా ఒదినె దుకాణానికి నేనే బోర్డును."

"నోరు ముయ్యవే" అంది అండాలు.

"ఎందుకు మూస్త? ఏడాది పొడుగునా ఈమెనే కాపింది నా చేతులు. పొద్దుగాల లేస్తె పిడికిలి పడకపోయేది. ఈమె ఆకు కడ్తె హాయిగుండేది, పండి లేస్తె మల్ల అదే కత. ఒక దినం చూసుకుంటె వేళ్లు ఒంగినయి. దవాఖానకు పోతె, ముందే ఎందుకు రాలేదమ్మా అని డాక్టరు కోపం జేసిండు."

అండాలు తల దించుకుని ఆకులు సర్దుతూ చెప్పింది: "నొప్పి తగ్గింది తమ్మీ, రోగం తగ్గలే. ఆకు దాని పని అది చేసింది. నాకే తెల్వలే. మా అత్త తిరుపతమ్మ నాకు ఆకులు నేర్పింది గని, ఏడ ఆగాల్నో నేర్పలే. అది ఈమె చేతులు నేర్పినయి."

"నేర్పినందుకు ఫీజు ఇయ్యలే ఇంకా" అని కిష్టమ్మ నవ్వింది. అండాలు ఆమె వీపు మీద ఒకటి వేసింది. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి అన్నం తింటారు. మూత తీసేది ఎప్పుడూ అండాలే.

ఆ ఆకు వచ్చే చోటు ఎల్బీనగర్ లోపలి వీధుల్లో ఒక ఖాళీ ప్లాటు. చుట్టూ గోడ, గేటు, లోపల వరసగా వావిలి పొదలు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పొలాలున్న కుటుంబానిది. ఇంటి పెద్ద ఇంద్రమ్మ ఇరవై ఏళ్లుగా అండాలుకు గేటు తాళంచెవి ఇచ్చి ఉంచింది. పైసా అడగలేదు. మోకాళ్లు నొప్పి చేసినప్పుడు మాత్రం అండాలే వచ్చి కట్టాలి. తన పొదలోని ఆకే అయినా తాను కోసుకుంటే పనిచేయదని ఇంద్రమ్మ గట్టి నమ్మకం. "ఆకు మాదే, హస్తవాసి అండాలుది" అని అందరికీ చెప్పేది.

మొన్న చలికాలంలో ఇంద్రమ్మ తన కోడలు పల్లవిని వెంటబెట్టుకుని స్తంభం దగ్గరికి వచ్చింది. పెళ్లయి నాలుగు నెలలు. కంప్యూటర్ పని. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

"ఎప్పుడుంటది బిడ్డా?"

"పొద్దున్నే ఆంటీ. బ్రష్ మీద పేస్ట్ కూడ వేసుకోలేకపోతున్న. పదకొండైతే గని సెట్ కాదు."

"రెండు చేతులకా?"

"రెంటికీ. రెండు నెలలైంది."

అండాలు ఆ వేళ్లను తన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తరువాత మెల్లగా వదిలేసింది.

"నేను కట్టనమ్మా. ముందుగాల కీళ్ల డాక్టరుకు చూపియ్యండ్రి. నెత్తురు పరీక్ష చేపియ్యండ్రి."

ఇంద్రమ్మ మొహం ఎర్రబడింది. "ఏం మాట్లాడ్తున్నవే? నడి బజార్ల నా కోడలికి రోగం అంటగడ్తున్నవా? నాలుగు ఆకులు కట్టుమంటె దవాఖాన అంటవేంది?"

"ఆకు కడ్తె నొప్పి తగ్గుతదమ్మా. నొప్పి తగ్గితె మీరు దవాఖానకు పోరు. అదే నా భయం."

కిష్టమ్మ ముందుకు జరిగింది. తన రెండు చేతులూ ఒళ్లోంచి తీసి పల్లవి ముందు పెట్టింది. ఆ అమ్మాయి చూసింది. ఇంద్రమ్మ చూడదలచుకోలేదు.

"నా చెట్టు ఆకు నా కోడలికే ఇయ్యనప్పుడు ఇంకెవ్వరికీ వద్దు. తాళంచెవి ఇటియ్యి."

అండాలు కొంగు ముడి విప్పి ఇచ్చేసింది.

ఆ తరువాత రెండు నెలలు నేను వెళ్లినప్పుడల్లా గంప అడుగు కనిపించేది. తెల్లవారుజామున బస్సెక్కి ఊరి బయట ఎక్కడెక్కడో వెతికి తెచ్చిన ఆకు పది గంటలకే అయిపోయేది. వచ్చినవాళ్లు ఖాళీ చేతులతో మళ్లేవారు. ఇలాగే సాగితే స్తంభం నీడ వదులుకోవలసిందేనని ఆమెకూ తెలుసు. "ఆ నాలుగు ఆకులు కట్టి ఉంటే?" అని ఒకసారి అడిగాను.

"కట్టి ఉంటె గంప నిండుండేది" అంది. 

పోయిన వారం ఇంద్రమ్మ ఆటో దిగింది. ఒక్కతే. అక్కడ ఎన్నడూ కూర్చోని మనిషి అండాలు గోనెసంచి మీదే కూర్చుంది.

"దవాఖానకు మేం తీస్కపోలే. పిల్లనే పోయింది, మాకు చెప్పకుంట. కిష్టమ్మ చేతులు చూసినంక నిద్ర పట్టలేదంట. డాక్టరు అన్నడట, మంచి టైముకు వచ్చినవమ్మా, గోళీలు వాడితె వేళ్లు ఒంగవు అని." అండాలు వైపు జరిగింది. "పిల్ల వేళ్లు నిలబెట్టినవు. నిన్ను నేను నడి బజార్ల అన్నది నాకు గుర్తున్నది."

"నేను మరిచిపోయిన, మీరు గుర్తుచెయ్యకుండ్రి" అంది అండాలు. కళ్లు తుడుచుకుంది.

"నేనైతె మరువలే" అంది కిష్టమ్మ. "రెండు నెలలు బస్సుల నిలబడి పోయినం." ఇంద్రమ్మే ముందు నవ్వింది.

తాళంచెవి అండాలు చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా అడిగింది: "ఇగ ఇప్పుడన్న కట్టు. గోళీలు మింగుతున్నది, మంచిదే. నీ చెయ్యి గుడ తగిలితె నాకు ధైర్యం."

అండాలు వెంటనే సరే అనలేదు. తాళంచెవి కొంగున ముడి వేసుకుంటూ నా వైపు తిరిగింది.

"తమ్మీ, పల్లవి గురువారం మల్ల డాక్టరు దగ్గరికి పోతదట. నువ్వు తోడు పో. ఆ పిల్ల మొహమాటానికి సగమే అడుగుతది, నువ్వైతె ఇడువకుంట అడుగుతవు. గోళీలు వాడుతుంటె వావిలాకు కాపడం పెట్టచ్చునా, వాపు వేడి మీదున్నప్పుడు ఆపాల్నా, అడుగు. పేరు చెప్తె ఆయనకు ఏ ఆకో తెలుస్తదో లేదో, ఈ కొమ్మ పట్టుకపో. ఒద్దంటె ఒద్దన్నడనే వచ్చి చెప్పు. నా మనసు నొస్తదని మాట మార్చి చెప్పేవు, జాగ్రత్త."