కప్పగారి కంప్యూటరు గురక

వీధిలో అందరూ ఆయన్ని కప్పగారు అంటారు. అది తిట్టు కాదు, బిరుదు. పిల్లల కార్టూన్‌లో ఓ ముసలి కప్పకి ఏళ్ల తరబడి గొంతిచ్చింది ఆయనే. ఒక్క కప్పేనా! తుమ్మే ఏనుగు, మొరాయించే మోటారు, కిర్రుమనే తలుపు, ఏదడిగినా నోటితోనే పలికిస్తాడు. కొళాయి కారుతోందని భార్య వంటింట్లోకి పరిగెత్తడం, తీరా చూస్తే పక్కగదిలో ఈయన సాధన చేసుకుంటూ ఉండడం ఆ ఇంట్లో మామూలే. ఆవిడ తిట్టి తిట్టి విసిగిపోయి, ఈమధ్య నిజంగా కొళాయి కారినా కదలడం మానేసింది.

పడకగదిలో ఓ మూలే ఆయన స్టూడియో. గొంతు గోడలకి కొట్టుకుని మోగకుండా చుట్టూ పాత బొంతలు వేలాడదీశాడు. బల్ల మీద మైకు, బల్ల కింద కంప్యూటరు.

ఓ మధ్యాహ్నం, రికార్డింగు పంపించి, కంప్యూటరు అలాగే వదిలేసి, భోజనం చేసి లేచాడో లేదో సౌండ్ ఇంజనీరమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, కప్ప డైలాగులు అదిరిపోయాయి. కానీ వెనకాల ఎవరో గురక పెడుతున్నారు."

"మా ఇంట్లోనా?"

"అవును సార్, కడుపునిండా తిని పడుకున్న మనిషి గురక. సాయంత్రంలోగా మళ్లీ చేసి పంపండి."

ఫోను పెట్టేసి చెవి ఒగ్గితే ఇప్పుడూ గురక వినిపిస్తోంది. కప్పగారి అనుమానం సూటిగా మామగారి మీదికి పోయింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. కూతురింట్లోనే ఉంటారు, మధ్యాహ్నం కునుకు తప్పనివ్వరు. అల్లుడితో ఎంత మర్యాదగా ఉంటారంటే, మంచినీళ్లు కావాలన్నా మధ్యలో కూతుర్ని పెట్టి అడుగుతారు. అలాంటి మనిషితో మీ గురక నా కొంప ముంచుతోందని ఎలా అనడం? మాట్లాడకుండా పక్కకి ఒత్తిగిలిస్తే పోలా అనుకుని, పిల్లిలా వెళ్లి దిండు కొస పట్టుకుని మెల్లగా లాగాడు.

మామగారు ఒక కన్ను తెరిచారు. "ఏం కావాలి అల్లుడుగారూ?"

"అబ్బే, ఏం లేదు మామయ్యగారూ. కాస్త అటు తిరిగి పడుకుంటే..."

"పడుకోలేదండీ. ఆలోచిస్తున్నాను."

ఆయన రెండు కళ్లూ తెరిచే మాట్లాడుతున్నారు. అయినా గురక వినిపిస్తూనే ఉంది. గుర్ర్‌ర్... టకటక... గుర్ర్‌ర్. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుని, చప్పుడు వెంట నడిచి, పడకగదిలో బల్ల కింద తేలారు.

కప్పగారు కంప్యూటరు ఆపేసి, బాగుచేసే అతనికి ఫోన్ కొట్టాడు.

"ఎలాంటి శబ్దం సార్? కాస్త చేసి చూపించండి" అన్నాడతను.

కళాకారుణ్ణి అలా అడిగితే ఆగుతాడా? గొంతు సవరించుకుని, గురకా టకటకా కలిపి ఊపిరి సరిపోయినంతసేపూ వాయించాడు.

"సార్, ఫోను కంప్యూటరుకి దూరంగా తీసుకెళ్లండి. మీ మాట వినపడట్లేదు."

"అది నేనే బాబూ."

"ఏది సార్?"

"ఆ శబ్దం."

"సరే సార్, ముందు కంప్యూటరు ఆపండి, తర్వాత మాట్లాడుకుందాం."

"ఆపే ఉంది బాబూ!"

అతను తేరుకుని అసలు విషయానికొచ్చాడు. "లోపల మూడు ఫ్యాన్లుంటాయి సార్. పక్క మూత విప్పి ఆన్ చెయ్యండి. రెక్కల జోలికి పోకుండా, నడుమ బొడ్డు మీద వేలు ఆనించి ఒక్కొక్కటీ క్షణం ఆపండి. ఏది ఆగితే చప్పుడు ఆగుతుందో అదే దొంగ. మూడోది మాత్రం కరెంటు డబ్బాలో ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. మిగతా రెండూ కాకపోతే అదే అనుకుని డబ్బా మార్చేద్దాం."

భార్యని కుర్చీలో కూర్చోబెట్టి, చెవులు రిక్కించి వినమన్నాడు. తను బల్ల కింద దూరాడు. మామగారు టార్చిలైటుతో పక్కనే గొంతుక్కూర్చున్నారు. కప్పగారు పెద్ద ఫ్యాను ఆపాడు.

"తగ్గిందా?"

"లేదండీ, వస్తూనే ఉంది."

వెనక ఫ్యాను ఆపాడు. "ఇప్పుడు?"

"ఇంకా బాగా వస్తోంది!"

"అయిపోయింది. కరెంటు డబ్బానే" అని కప్పగారు తల పట్టుకున్నాడు. మామగారు మాత్రం టార్చి కంప్యూటరు మీంచి తిప్పి అల్లుడి మొహం మీద వేశారు. కూతురి వైపు చూశారు. తప్పదని నేరుగా తనే నోరు విప్పారు.

"అల్లుడుగారూ, ఏమీ అనుకోకండి. ఫ్యాను ఆగినప్పుడల్లా ఆ చప్పుడు మీరే చేస్తున్నారు."

"నేనా?"

"గుర్ర్‌ర్ అంటున్నారండీ. టకటకతో సహా."

ఫోన్లో అంత శ్రద్ధగా వాయించేసరికి అది నోటికి పట్టేసింది. పాపం, ఆయనకే తెలీదు! భార్య నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారి బొంత పట్టుకుంది. బొంత ఊడి తండ్రి నెత్తిన పడింది. ఆయన దాని కిందనుంచే, "పరీక్ష మళ్లీ పెట్టాలి" అని తేల్చేశారు.

ఈసారి కప్పగారు పెదాల మధ్య రుమాలు కరిచి పట్టుకున్నాడు. పెద్ద ఫ్యాను ఆపితే గురక అలాగే ఉంది. వెనకది ఆపేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. "అదే, అదే!" అని భార్య చప్పట్లు కొట్టింది. కరెంటు తీసేసి టార్చి వేసి చూస్తే, బొంతల్లోంచి ఊడిన దూదీ దారప్పోగులూ ఫ్యాను బొడ్డుకి జడ అల్లినట్టు చుట్టుకుని ఉన్నాయి. రెక్క తిరిగినప్పుడల్లా ఓ పోగు చట్రానికి తగిలి టకటకమంటోంది. చప్పుడు రాకూడదని కట్టిన బొంతలే ఇంత చప్పుడు చేశాయని భార్య పడీపడీ నవ్వింది. నవ్వుతూనే తన ట్వీజర్ తెచ్చి, పోగులన్నీ ఓపిగ్గా లాగేసింది.

చీకటి పడకముందే కప్ప డైలాగులన్నీ మళ్లీ చెప్పి పంపించాడు. "ఇప్పుడు శుభ్రంగా ఉంది సార్" అని ఇంజనీరమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది.

ఆ సాయంత్రం మామగారు తలుపు దగ్గర కాసేపు తచ్చాడి, కూతురితో కబురు పంపకుండా తనే లోపలికొచ్చారు.

"అల్లుడుగారూ, ఆ ఏనుగు తుమ్ముంది చూశారూ... నాబోటివాడికి వస్తుందంటారా?"

"ఎందుకు రాదు మామయ్యగారూ! కూర్చోండి. ముందు బుగ్గల నిండా గాలి పట్టండి."

వంటింట్లోంచి భార్య కేకేసింది. "ముందు పళ్లసెట్టు తీసెయ్యి నాన్నా!"