ఒకరి మొక్కు ఇంకొకరు

మొన్న మా తోడల్లుడు ఫోన్ చేసి, పక్క గదిలో ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు బాగా తగ్గించి, తనకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలిందని చెప్పాడు. ఆ గొంతు తగ్గించడం నాకు బాగా తెలుసు. మన వయసు మగవాళ్లం బీపీ గురించి, షుగర్ గురించి పెళ్లి భోజనాల దగ్గర కూడా ఘనంగా చెప్పుకుంటాం గాని, నడుం కింది జబ్బు అనేసరికి నోరు పెగలదు. అతనికి తోచిన ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాక, నా రోజులు గుర్తొచ్చాయి.

అప్పట్లో మేము అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్ పై వాటాలో ఉండేవాళ్లం. ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బ్యానర్లే, ఏ సందులో చూసినా జావా నేర్చుకుని ఉద్యోగం కొట్టాలని ఊళ్ల నుంచి దిగిన పిల్లలే. ఆ జనంలోంచి సోమాజిగూడలోని ఆఫీసుకు వెళ్లి వచ్చే నేను మాత్రం, దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందా అని వెతుక్కునేవాణ్ణి. పరీక్షలన్నీ అయ్యి నాకూ అదే జబ్బని బయటపడ్డాక, పంజాగుట్ట దగ్గరి ఒక ఆసుపత్రిలో కొన్ని వారాల పాటు రేడియేషన్ పెట్టించుకోవాలన్నారు. ఆఫీసులో కిడ్నీలో రాళ్లని చెప్పాను. ఇంట్లో మా ఆవిడ దీపం పెడుతుంటే, ఇన్నేళ్లు పెట్టిన దీపాలు ఏం ఒరగబెట్టాయని విసుక్కుని, గుడికి వెళ్లడం కూడా మానేశాను.

ఆ వైద్యంలో ఒక తిరకాసు ఉంది. మిషన్ కింద పడుకునేసరికి మూత్రాశయం నిండుగా ఉండాలి. అంచేత కడుపు నిండా నీళ్లు తాగి, పిలుపు వచ్చేదాకా బిగబట్టుకుని బెంచీ మీద కూర్చోవాలి. అసలు ఆపుకోలేకపోవడమే మా జబ్బైన చోట, ఆపుకోవడమే మందన్నమాట. నా పక్కన రోజూ ఒక టైలరు కూర్చునేవాడు. తెలంగాణలో ఒక మగ్గాల ఊరి నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో కుట్టుషాపు పెట్టుకున్న మనిషి. మాటల్లో తేలిందేమిటంటే, ఆయన కూడా బయట కిడ్నీలో రాళ్లనే చెప్పాడట. ఆ మాటకొస్తే ఆ బెంచీ మీద అందరివీ రాళ్లే. ఆ రోజు ఎంత నవ్వుకున్నామో, ఒకాయన నవ్వు ఆపుకోలేక లేచి పరుగెత్తాల్సి వచ్చింది.

సగం వైద్యం అయ్యాక ఒక రోజు మిషన్ మొరాయించింది. ఇదిగో అదిగో అంటూ చాలాసేపు కూర్చోబెట్టారు. ఆఖరికి నా వల్ల కాలేదు, అందరి ముందూ ప్యాంటు తడిసిపోయింది. ఎవరి మొహమూ చూడకుండా ఆటో ఎక్కి ఇంటికొచ్చేసి, బతికితే బతుకుతాను పోతే పోతాను, ఇక ఆ గుమ్మం తొక్కనని మా ఆవిడతో చెప్పేశాను. మధ్యలో ఆపితే జబ్బు మళ్లీ ముదురుతుందని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఆవిడ ఏడ్చింది, నేను అరిచాను, మర్నాడూ ఆ మర్నాడూ కదలలేదు.

ఆ తర్వాతి పొద్దున స్కూటర్ మీద టైలరు వచ్చాడు. అంతకుముందు ఒకసారి నన్ను ఇంటి దగ్గర దింపాడు గనక ఇల్లు తెలుసు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మా ఆవిడ ముందే మొదలుపెట్టాడు.

"నాది సుత పోయిన వారం గట్లనే అయింది సార్. నువ్వు చూడలే, అంతే. దానికి ఇంట్ల కూసుంటే బీమారి పోతదా? లే, జర జల్దీ తయారుగా."

లేచి చొక్కా వేసుకున్నాను. ఆ రోజు నుంచి బెంచీ మీద మాలో మేమే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. వరస ఎవరిదైనా సరే, తట్టుకోలేని వాడు ముందు లోపలికి వెళ్లాలి. ఆసుపత్రి వాళ్లు మొదట గొణిగారు గాని, తర్వాత వాళ్లే అలవాటు పడ్డారు.

ఆ రోజే స్కూటర్ మీద తిరిగి వచ్చేటప్పుడు దేవుడి మీద నా కోపం టైలరు దగ్గర వెళ్లగక్కాను. ఆయన నవ్వి, "నాకోసం నేను అడగాలంటే నోరు రాదు సార్. నీకోసమైతే గట్టిగ అడుగుత. నాకోసం నువ్వు అడుగు," అన్నాడు. వాళ్ల కులదైవం మార్కండేయుడు, యముడి చేతి నుంచి తప్పించుకున్నవాడు. ఆ దేవుడి గుడిలో నా పేరు చెప్పడం ఆయన వంతు. మా వీధి చివరి వెంకటేశ్వరస్వామి దగ్గర ఆయన పేరు, గోత్రం చెప్పి అర్చన చేయించడం నా వంతు. నాకోసమైతే ఆ గుడి మెట్లు ఎక్కేవాణ్ణి కాదు గాని, ఇంకొకరి పని ఒప్పుకున్నాక ఎగ్గొట్టడం నా ఒంట్లో లేదు. వారం వారం అదే పేరు వింటున్న పూజారి, "మీ తమ్ముడాండీ?" అని ఒకసారి అడిగితే, అవునన్నాను. ఆ మాట అన్నాక గుడి బయట నిలబడి, చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఇద్దరం గట్టెక్కాం. వైద్యం అయిపోయినా మొక్కులు మాత్రం ఇద్దరం మానలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, ఈ మధ్యే పండు వయసులో నిద్రలోనే వెళ్లిపోయాడు ఆయన. ఇప్పుడు అమీర్‌పేటలో నెత్తి మీద మెట్రో నడుస్తోంది, కొత్త మిషన్లు నిమిషాల్లో పని ముగిస్తున్నాయట, బెంచీల మీద ఎవరి ఫోనులో వాళ్లు తల దించుకుని కూర్చుంటున్నారు. బాగుపడింది చాలానే ఉంది, కాదనను. కానీ గుడికి వెళ్లినప్పుడు ఎవరి పేరు మీద అని పూజారి అడిగితే, నాకు ముందు ఆయన పేరే నోటికొస్తుంది. పోయినవాళ్ల పేరు మీద చెయ్యకూడదని గుర్తొచ్చి ఆగిపోతాను. ఇన్నేళ్లూ నా పేరు ఆయన చెబుతూ ఉండేవాడు. ఇక మీదట నేనే చెప్పుకోవాలి, ఆ పని ఇంకా చేతకావడం లేదు.