ఇత్తడి గుండిగల సల్లటి చాయ

ఫోన్ల ఒక్క వీడియో చూస్తే చాలు, ఆ పని మనకు వచ్చేసినట్టే అని నమ్మిన దినాలవి. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి, ఎండకాలం సెలవులకు మెట్‌పల్లిల ఇంటి పట్టున ఉన్న. మా అవ్వ (అమ్మను మేం గట్లనే పిలుస్తం) మహిళా సంఘానికి లీడరు. ఆ నెల మీటింగు మా ఇంట్లనే. ముప్పై మంది ఆడోళ్లు, పైన రోహిణి ఎండ. "గీ ఎండల ఉడుకు చాయ ఎవలు తాగుతరే అవ్వా? నేను సల్లటి చాయ చేస్త" అని నడుం కట్టిన. "నువ్వు చాయ పెడితే మీ బాపు సగం ఇడిచిపెడుతడు" అన్నది అవ్వ. అన్నది గని వద్దనలే.

అంత మందికి సరిపోయే గిన్నె ఇంట్ల ఒక్కటే, అటక మీది ఇత్తడి గుండిగ. దించి, కడిగి, నీళ్లు మసలవెట్టి, చాయపత్తి గుప్పిళ్లకొద్ది ఏసిన. వడగట్టి, చక్కెర కలిపి, ఇరవై నిమ్మకాయలు పిండి, పుదీన తుంచేసిన. ఐసు గడ్డను గోనె సంచిల సుట్టి రోకలితోని కొట్టి కలిపిన. (ఆ సప్పుడుకు మా వాడకట్టు పిల్లి వారం దాక మా గోడ ఎక్కలే.) సంఘమోళ్లు మొదలు "పాలేవి బిడ్డా?" అని పరేషాన్ అయిన్రు గని, ఒక్క గుటక పడంగనే గిలాసలు మళ్ల చాపిన్రు. కండ్లద్దాలు పెట్టుకునే అద్దాల పెద్దమ్మ అయితే నాలుగు తాగింది.

గప్పుడే పక్కింటి ఖాలా వచ్చింది. గిలాస నోటి దాక తీస్కపోయి ఆగి, గుండిగ దిక్కు చూసి, నా చెవుల మెల్లగ అడిగింది: "ఇత్తడిల నింబూ పిండినవా బేటీ? లోపల కళాయి ఉన్నదా? లేకుంటే జహర్ అయితది, విషం!"

కళాయి, అంటే లోపలి తగరం పూత, ఉన్నదో లేదో నేను చూడనే లే. వంగి చూస్తే అంతా నల్లటి చాయనే. అవ్వకు చెప్దామంటే ఆమె తీర్మానాలు చదువుతుంది. అందరికీ చెప్దామంటే ముప్పై మంది ఒక్కసారే కక్కుకుంటరేమోనని భయం. మీటింగు అయ్యేదాక ఒక్కొక్కరి మొకం చూసుకుంట కూసున్న. ఒకామె ఆవులించింది. ఒకామె కడుపు మీద చెయ్యి పెట్టింది (చీర కుచ్చిళ్లు సర్దుకుందట). అద్దాల పెద్దమ్మ లేచి బాత్రూం దిక్కు పోయింది. నా పానం పోయింది.

తెల్లారి ఇల్లిల్లు తిరిగిన. ఊకెనే ఎట్ల పోవాలె? "మా గిలాస ఒకటి కనవడ్తలేదు, మీ సంచిల గిట్ల వచ్చిందా?" అని అడుగుడు, తలుపు సందుల నుంచి మనిషి నిలవడ్డదా లేదా అని చూసుడు. అందరు మంచిగనే ఉన్నరు, నా ప్రశ్న ఇన్నంక మాత్రం మొకాలు ముడుచుకున్నరు. ఆఖరుకు అద్దాల పెద్దమ్మ ఇంటికి తాళం. "దవాఖానకు పోయింది" అన్నరు పక్కోళ్లు.

ఉరికొచ్చి అవ్వ కాళ్ల కాడ కూలవడి అంతా చెప్పిన. అవ్వ ముందు తెల్లబోయింది, తర్వాత కండ్లెంబడి నీళ్లొచ్చేదాక నవ్వింది. "పోయిన నెలనే కళాయి పెట్టిచ్చిన గదనే! పెద్దమ్మ కండ్లు సూపెట్టుకోను పోయింది." నవ్వు సగంల ఆపి, "ఆగు. సంఘమంతటినీ గిలాస దొంగలను చేసి వచ్చినవా?" అన్నది.

ఆ పొద్దు మళ్ల ముప్పై గడపలు ఎక్కినం, ఈసారి ఇద్దరం. అవ్వ మాట్లాడుడు, నేను తల వంచుకొని నిలవడుడు.

ఇప్పుడు నా ఇంట్ల చుట్టాలకు ఏం చేసి పెట్టినా రెండుసార్లు ఫోన్ చేసి ఎట్లున్నరని అరుసుకుంట. అట్ల అడిగినప్పుడల్లా ఆ పంతొమ్మిదేండ్ల పోరి యాదికొస్తది. "పానం మంచిగున్నదా పెద్దమ్మా?" అన్న ఒక్క మాట నోట్లెకెల్లి రాక, మండుటెండల గడప గడపకు తిరిగిన పోరి. దగ్గరికి తీసుకొని తల నిమరాలె అనిపిస్తది.